స్క్రీన్‌షాట్ చూసి కిక్రీకి ధర కట్టకండి



వారం నుంచి మన గ్రూపులో ఒకటే స్క్రీన్‌షాట్ తిరుగుతోంది. ఆన్‌లైన్ వేలంలో పాత కిక్రీ ఫొటో, దాని కింద లక్షా ఇరవై వేలు. "మన ఇండ్లల్ల లక్షలు మూలకు పడున్నయ్, మనకే తెలివి లేదు" అని పైన ఒక మాట. అది పెట్టిన తమ్ముడి మీద నాకు కోపం లేదు. ఆ లెక్క మీదనే నా కొట్లాట.

ఆ ఫొటో మళ్లీ చూడండి. అది అమ్మేటాయన అడిగిన రేటు, కొన్నాయన ఇచ్చిన రేటు కాదు. నా పాత సైకిల్‌కు నేనూ పది లక్షలు పెట్టొచ్చు, ఎవరాపుతరు? అమ్ముడుపోయినవాటి లిస్టు వేరే ఉంటది, అది తీయండి. అందులో కూడా ఒక్క రేటు పట్టుకొని ఊగొద్దు. ఇద్దరు పంతం పడితే పెరుగుతది, ఒక్కడే వస్తే అగ్గువకు పోతది.

ఇంకో సంగతి. 2011లో 'లేడీ బ్లంట్' అనే స్ట్రాడివేరియస్ వయొలిన్ ఆన్‌లైన్ వేలంలోనే దాదాపు 1.59 కోట్ల డాలర్లకు పోయింది. 1721లో చేసింది. ఎవరు చేశారు, ఎవరెవరి చేతులు మారింది, చాలామట్టుకు దాఖలాలున్నయి. మరి ఆ పైసలు శబ్దానికేనా? 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలిన్ వాద్యకారులకు నల్లటి కళ్లద్దాలు పెట్టి పాతవి, కొత్తవి కలిపి వాయించమన్నరు. ఏది పాతదో చాలామంది చెప్పలేకపోయారు. ఎక్కువమందికి నచ్చింది కొత్తదే!

అంటే అక్కడ ధర పలికింది పేరుకు, చరిత్రకు. మన కిక్రీ అక్కడికి పోయేసరికి ఏమైతది? "ట్రైబల్ ఫిడిల్, ఇండియా". చేసిన తాత పేరు లేదు, ఊరు లేదు, ఏ పర్ధాన్ ఏ గోండు ఇంటిపేరోళ్ల కథ దాని మీద పాడిండో లేదు. వాళ్లకు ధర తెచ్చేదే మన దగ్గర తుడిచేసి తీసుకపోతున్నరు.

మా కాకా తన కిక్రీని మూడేండ్ల కింద ఒక బేరగానికి నాలుగు వేలకు ఇచ్చిండు. ఇంట్లో జ్వరాలు, చేతిలో పైస లేదు, ఆయన్ని తప్పు పట్టను. కానీ ఆ తర్వాత పెర్సాపేన్ పూజకు పక్క ఊరు పోయి కిక్రీ అడుక్కొచ్చుకున్నడు. ఆ పూట ఆయన మొహం చూసినోళ్లకు ఏ వేలం రేటూ గుర్తుకు రాదు.

విదేశాలకు అమ్ముదాం అనేటోళ్లకు ఒక మాట: నూరేండ్లు దాటిన కళావస్తువును ప్రైవేటు మనిషి దేశం దాటించడానికి 1972 చట్టం ఒప్పుకోదు. కేసైతే బేరగాడు కనబడడు, మనమే దొరుకుతం.

మీ ఇంట్లో కిక్రీ ఉంటే దాని ధర నన్ను అడగొద్దు. ఇంకోటి చేయించాలంటే ఎంతైతది, చేసేటోళ్లు ఎంతమంది మిగిలిన్రు, వాయించేటోళ్లు ఎవరు, ఇవి ఇంట్లో పెద్దలను అడగండి. చేసినాయన పేరు రాసిపెట్టండి, ఫోన్‌లో ఆ పాట రికార్డు చేయండి.

కాకాకు కొత్తది చేయిస్తున్నం. కట్టె దొరికింది. చేసే తాతకు చూపు తగ్గింది, పక్కన కూర్చొని పని నేర్చుకునేటోళ్లు ఇద్దరు కావాలి. దండారికి ఊరికొచ్చేటోళ్లు కింద పేరు పెట్టండి.