నూటికి పదేగా!

మా వీధి చివర కూరగాయల బండి పెట్టుకునే పెద్దావిడకు ఓ మనవరాలుంది. ఎనిమిదో తరగతి చదువుతోంది. సెలవు రోజుల్లో బండి పక్కనే స్టూలు వేసుకుని హోంవర్కు చేసుకుంటుంది. మొన్నో ఆదివారం పొద్దున్నే వంకాయలు ఏరుకుంటూ ఆ అమ్మాయి నోట్‌బుక్‌లోకి తొంగి చూశాను. చక్రవడ్డీ లెక్కలు. సూత్రం రాసింది, గుణించింది, సమాధానం కింద రెండు గీతలు గీసింది. అన్నీ కరెక్టే.

అంతలో మోటారు సైకిలు మీద ఒకతను వచ్చి ఆగాడు. పెద్దావిడ డబ్బుల సంచిలోంచి వంద నోటు తీసిచ్చింది. అతను ఓ చిన్న కార్డు మీద టిక్కు పెట్టి వెళ్లిపోయాడు.

"ఏంటమ్మా అది?" అన్నాను.

"ఫైనాన్సు బాబూ. పదివేలు తీసుకున్నా. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి."

"మరి వడ్డీ?"

"అది ముందే పట్టుకున్నాడు. తొమ్మిది వేలు చేతికిచ్చాడు. నూటికి పదేగా బాబూ! అంతకంటే తక్కువకు మాబోటి వాళ్లకు ఎవరిస్తారు?"

మనవరాలి వైపు తిరిగి, "అమ్మాయీ, మీ అమ్మమ్మ కడుతున్న వడ్డీ ఏడాదికి ఎంత శాతమో చెప్పగలవా?" అని అడిగాను. పెన్సిలు నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, "మా పుస్తకంలో ఇలాంటి లెక్క లేదు అంకుల్" అంది.

నిజమే, లేదు. అందుకే ఈ వారం ఆ లెక్కే చేద్దాం. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఓ కాగితం, పెన్సిలు చాలు.

నెలకా, ఏడాదికా?

శతం అంటే నూరు. శాతం అంటే నూటికి ఇంత అని. కానీ వడ్డీ విషయంలో 'నూటికి ఎంత' అని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. 'ఎంత కాలానికి' అన్నది మిగతా సగం. బడి పుస్తకంలో, బ్యాంకులో శాతం అంటే ఏడాదికి. మన ఊళ్లలో 'రెండు రూపాయల వడ్డీ' అంటే మాత్రం నూటికి నెలకు రెండు రూపాయలు. పన్నెండు నెలలకు 24. అంటే అది 24 శాతం వడ్డీ. మూడు రూపాయల వడ్డీ అయితే 36 శాతం. రూపాయి వడ్డీ 12 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మహిళా సంఘాల కోసం వచ్చిన 'పావలా వడ్డీ' పథకం గుర్తుంది కదా! నెలకు పావలా చొప్పున ఏడాదికి మూడు రూపాయలు. అంటే 3 శాతం.

నెల లెక్కన వడ్డీ చెప్పడం మనకు కొత్తేం కాదు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలోనూ వడ్డీని నూటికి నెలకు ఇంత అనే చెబుతాడు. అంతకు ముందు 9వ శతాబ్దిలోనే మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో వడ్డీ లెక్కలకు బోలెడు చోటిచ్చాడు. ఆ గ్రంథాన్నే మన పావులూరి మల్లన తెలుగు చేశాడు. వడ్డీ లెక్క తెలుగువాళ్లకు వెయ్యేళ్ల నాటి పాఠమన్నమాట.

నోటు తిరగరాస్తే...

ఇక బారువడ్డీ, చక్రవడ్డీ. రెండు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చారనుకోండి. నెలకు 200. మూడేళ్లకు, అంటే 36 నెలలకు 7,200. అసలుతో కలిపి 17,200. ఇది బారువడ్డీ. వడ్డీ ఎప్పుడూ మొదటి పదివేల మీదే.

అదే ఏడాదికోసారి వడ్డీని అసల్లో కలిపేస్తే? మొదటి ఏడాది చివరికి 12,400. రెండో ఏడాది వడ్డీ పదివేల మీద కాదు, 12,400 మీద. కాబట్టి 15,376. మూడో ఏడాదికి 19,066. వడ్డీకి వడ్డీ పుట్టింది. అదే చక్రవడ్డీ.

"మాది బారువడ్డీయే" అనుకునే ఇళ్లలో కూడా చక్రం తిరుగుతుంటుంది. ప్రోనోటుకు కాలపరిమితి మూడేళ్లు. గడువు దగ్గర పడేసరికి వడ్డీ కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. మన పదివేల అప్పు మూడేళ్లలో పైసా కట్టకపోతే కొత్త నోటు 17,200కు రాస్తారు. మరో మూడేళ్లకు దాని మీద వడ్డీ 12,384. మొత్తం 29,584. నోటు తిరగరాయకుండా అదే బారువడ్డీ ఆరేళ్లూ నడిస్తే అయ్యేది 24,400. ఒక్క సంతకానికి తేడా 5,184 రూపాయలు!

72తో ఓ చిట్కా

డబ్బు ఎన్నాళ్లలో రెట్టింపవుతుందో నోటి లెక్కతోనే చెప్పొచ్చు. 72ను వడ్డీ శాతంతో భాగించండి. చక్రవడ్డీ 8 శాతం అయితే 72ను 8తో భాగిస్తే 9. అంటే తొమ్మిదేళ్లు. నిజంగా గుణించి చూస్తే పదివేలు తొమ్మిదేళ్లకు 19,990 అవుతాయి. పది రూపాయలే తక్కువ! ఇటలీ గణిత పండితుడు లూకా పాచోలి 1494లో అచ్చయిన తన పుస్తకంలోనే ఈ 72 సంగతి చెప్పాడు.

నెలవారీ లెక్కకూ ఇదే పనికొస్తుంది. నెలకు 2 శాతం చొప్పున, ప్రతి నెలా వడ్డీని అసల్లో కలుపుతుంటే 72ను 2తో భాగించండి. 36 నెలలు. సరిగ్గా గుణిస్తే మూడేళ్లకు పదివేలు 20,399. ఇది ఉజ్జాయింపు సూత్రమే గానీ బజారులో నిలబడి నిర్ణయం తీసుకోవడానికి సరిపోతుంది. దాచుకునేవాడికి ఈ చక్రం చుట్టం. అప్పున్నవాడికి అదే శత్రువు.

బండి దగ్గరి లెక్క

ఇప్పుడు పెద్దావిడ కార్డు దగ్గరకు వద్దాం. పదివేలకు వెయ్యి వడ్డీ కాబట్టి నూటికి పది అనిపిస్తుంది. అందులో మూడు మెలికలున్నాయి.

మొదటిది, ఆవిడ చేతికొచ్చింది పదివేలు కాదు, తొమ్మిది వేలు. వడ్డీ లెక్క దాని మీదే వేయాలి.

రెండోది, ఆ తొమ్మిది వేలూ వంద రోజులూ ఆవిడ దగ్గర ఉండవు. రోజూ కొంత తిరిగి వెళ్లిపోతోంది. మొదటి రోజు బాకీ 9,000. వందో రోజు చివరికి సున్నా. సమానంగా తగ్గుతూ వస్తే సగటు బాకీ ఎంత? సగం, అంటే 4,500. బడిలో నేర్పే సగటు ఇక్కడ పనికొచ్చింది. 4,500 వాడుకున్నందుకు 1,000 వడ్డీ. అంటే నూటికి 22.

మూడోది, ఆ 22 ఏడాదికి కాదు, వంద రోజులకే. 365 రోజుల ఏడాదిలో వంద రోజులు 3.65 సార్లు వస్తాయి. 22ను 3.65తో గుణిస్తే 80 దాటుతుంది. ఏడాదికి 80 శాతం! ఊరి భాషలో చెప్పాలంటే ఆరున్నర రూపాయల పైన వడ్డీ. నూటికి పది అనుకున్నది ఎక్కడ, ఇదెక్కడ!

ఇందులో పెద్ద గణితమేం లేదు. శాతం, సగటు, కాలం, అంతే. మూడూ ఎనిమిదో తరగతిలోపు వచ్చేవే. విడివిడిగా అన్నీ వచ్చు. కలిపి ఇంటి లెక్కకు వాడటమే అలవాటు లేదు.

వాయిదాల మీద ఏం తీసుకున్నా ఇదే చూడాలి. "నెలకు ఎంత కట్టాలి?" అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. "చేతికి ఎంత వస్తుంది, మొత్తం ఎంత కట్టాలి, ఎన్నాళ్లలో?" ఈ మూడూ అడగండి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చే రిటైల్ రుణాలకు ముఖ్యాంశాల పత్రం ఒకటి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఫీజులతో సహా ఏడాదికి అసలైన రేటు ఎంతో అందులో రాసి ఉండాలి. సంతకానికి ముందే ఆ కాగితం అడిగి తీసుకోండి. మోటారు సైకిలు మీద వచ్చే అప్పుకు అలాంటి కాగితం ఉండదు. దానికి లెక్క మన పిల్లలే చేసిపెట్టాలి.

మనవరాలు నోట్‌బుక్ చివరి పేజీలో ఇదంతా వేసుకుని, "80 శాతం అమ్మమ్మా!" అంది. పెద్దావిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"తెలిస్తే మాత్రం ఏం చేస్తామే? తెల్లారేసరికి మార్కెట్టుకు డబ్బు కావాలిగా" అంది.

ఆ మాటా నిజమే. లెక్క వచ్చినంత మాత్రాన అప్పు తీరదు. కానీ ఆ పిల్ల పెన్సిలు వదల్లేదు.

"ఈ కార్డు అయిపోయాక ఇంకో తొంభై రోజులు ఆ వంద మన డబ్బాలోనే వేసుకుంటే తొమ్మిది వేలు మనవే కదా అమ్మమ్మా! అప్పుడు అతను రానక్కర్లేదు."

"ఈలోగా మార్కెట్టుకు ఏం పెట్టాలి?"

"అయితే వంద కాదు, రోజుకు ఇరవై వేద్దాం. 450 రోజులు పడుతుంది. పట్టనీ."

పెద్దావిడ జవాబు చెప్పలేదు. నా వంకాయలు తూచి, చిల్లర ఇస్తూ, "సంఘంలో చేరమని మా పక్కింటామె ఎప్పట్నుంచో పోరుతోంది. అక్కడ ఎంత వడ్డీయో కనుక్కో" అంది. నాతో కాదు, మనవరాలితో.

ఈ వారం మీ ఇంటి లెక్క: 12,000 రూపాయల ఫోను 'రూపాయి వడ్డీకే' పన్నెండు వాయిదాల్లో ఇస్తామన్నారు. ఏడాదికి వడ్డీ 1,440 కలిపి నెలకు 1,120 కట్టాలి. ఇది నిజంగా 12 శాతమేనా?

జవాబు: కాదు. నెలనెలా అసలు వెయ్యి చొప్పున తగ్గుతోంది. మొదటి నెల బాకీ 12,000, ఆఖరి నెల 1,000. సగటు బాకీ 6,500. దాని మీద 1,440 అంటే సుమారు 22 శాతం. రూపాయి వడ్డీ కాదు, దాదాపు రెండు రూపాయల వడ్డీ!