వక్త మాట – పరిశోధకుని దిద్దుబాటు

క్షేత్రపరిశోధనలో ధ్వనిముద్రణ చేసిన ముఖాముఖీలను అక్షరబద్ధం చేయడం అసలు పరిశోధనకు ముందు ముగించవలసిన యాంత్రికమైన పని అన్న అభిప్రాయం తెలుగు శాఖలలో బలంగా ఉంది. సిద్ధాంత గ్రంథాల పీఠికలలో తిరిగిన ఊళ్లు, కలిసిన వక్తల సంఖ్య కనిపిస్తాయి. విన్న మాటను ఏ నియమాలతో రాతలోకి తెచ్చారో చెప్పే వాక్యం మాత్రం అరుదు. ఆధారాన్నే మార్చివేసే ఒక అలవాటు ఈ మౌనం చాటున సాగుతున్నది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోవచ్చు. తెలంగాణ పల్లెలో ఒక వృద్ధురాలు “రజాకార్లు ఒచ్చినప్పుడు మనోళ్లు అడివిల దాక్కున్నరంట, మా అత్త చెప్పేది” అన్నదనుకుందాం. సిద్ధాంత గ్రంథంలో అది “రజాకార్లు వచ్చినప్పుడు మా వాళ్లు అడవిలో దాక్కున్నారు” అవుతుంది. భాష శుభ్రపడిందని పరిశోధకుడు తృప్తి పడతాడు. కాని ‘అంట’ తొలగడంతో విన్న సంగతి కన్న సంగతి అయింది. అత్త ప్రస్తావన పోవడంతో ఆ జ్ఞాపకం ఎవరి నుండి ఎవరికి అందిందో తెలిపే ఆధారం పోయింది. ‘మనోళ్లు’ ‘మా వాళ్లు’ కావడంతో, ఎదుట కూర్చున్న పరిశోధకుణ్ణి ఆమె తనవారిలో కలుపుకొన్న సంగతి చెరిగిపోయింది. ఈ మూడింటిలో ఒక్కటీ కేవలం భాషా సంస్కారం కాదు.

ప్రశ్నలను తొలగించడం ఇంతకన్నా పెద్ద దోషం. “అప్పుడు చాలా కష్టపడ్డారు కదా?” అన్నది పరిశోధకుడు, “ఊఁ” అన్నది వక్త. “అప్పుడు మేము చాలా కష్టపడ్డాము” అన్న వాక్యం ఉద్ధరణ చిహ్నాల నడుమ వక్త పేర చేరితే, పరిశోధకుడు తన ఊహకు తానే సాక్ష్యం కల్పించుకొన్నట్లే.

చదువరి సౌకర్యం కోసం ఈ దిద్దుబాటు తప్పదని కొందరి వాదం. ఇదే శాఖలలో తాళపత్ర ప్రతుల పరిష్కరణకు వేరే నీతి అమలులో ఉంది. పరిష్కర్త తాను స్వీకరించిన పాఠంతోపాటు పాఠాంతరాలను అధోజ్ఞాపికలలో చూపాలి. చెప్పకుండా దిద్దితే అది అపరాధం. లేఖకుని అక్షరానికి ఉన్న ఈ రక్షణ బతికి ఉన్న మనిషి మాటకు ఎందుకు లేదు? భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వెలువడింది. రైతు నోటి మాట శాస్త్రానికి ఆధారమని అది నిరూపించింది. ఆ కోశాన్ని పాఠ్యాంశంగా బోధించే శాఖలే సిద్ధాంత గ్రంథంలో రైతు వాక్యాన్ని సంస్కరించడం విడ్డూరం.

వక్త గౌరవం కాపాడాలన్న రెండో వాదంలో కొంత నిజముంది. తమ మాట అచ్చులో పుస్తక భాషలా కనిపించాలని కోరుకొనే వక్తలు ఉంటారు. అయితే ఆ నిర్ణయం వారిని అడిగి తీసుకోవలసినది. పైగా అగౌరవం మరో దారిలోనూ వస్తుంది. ‘వచ్చాడు’ అనేటప్పుడు చాలామంది చదువుకున్నవారి నోట వినిపించే అచ్చు ‘ఆ’ కాదు; దానికి తెలుగు లిపిలో ప్రత్యేక చిహ్నం లేదు. దాన్ని ఎవరూ వింత వర్ణక్రమంలో రాయరు. నిరక్షరాస్యుల ఉచ్చారణకు మాత్రమే వింత వర్ణక్రమం కేటాయిస్తే అది యథాతథ లేఖనం కాదు, వెక్కిరింత. నియమం ఏదైనా వక్తలందరికీ ఒక్కటే కావాలి.

అక్షరీకరణే ఒక సిద్ధాంతమని ఎలినార్ ఓక్స్ 1979లోనే వాదించారు. ఏది రాయాలి, ఏది వదలాలి అన్న ఎంపికలోనే వ్యాఖ్యానం మొదలవుతుంది. తడబాటు, మౌనం, పునరుక్తి అన్నిటినీ ప్రతి పరిశోధనా నమోదు చేయనక్కరలేదు. కథాంశాన్ని పరిశీలించేవారికి కొన్ని అనవసరం. కథన రీతిని పరిశీలించేవారికి అవే ప్రాణం. వదిలినదేమిటో, ఎందుకో చెప్పడం మాత్రం ఇద్దరికీ విధి.

కనుక సిద్ధాంత గ్రంథాన్ని స్వీకరించే ముందు శాఖలు మూడు విషయాలు కోరాలి: అక్షరీకరణ నియమాల ప్రకటన, ప్రశ్నలతో సహా యథాతథ ప్రతి అనుబంధం, వక్త అనుమతితో మూల ధ్వనిముద్రణను శాఖలో భద్రపరచడం. దిద్దిన పాఠం కావాలంటే యథాతథ ప్రతి పక్కన ఉండవచ్చు, దాని స్థానంలో కాదు. పరీక్షకుడు మూలాన్ని విని సరిచూడలేని ఉద్ధరణ వక్త సాక్ష్యం కాజాలదు. అది పరిశోధకుని రచన మాత్రమే.