కిండిల్‌కి ఈపబ్ అంటే ఎందుకంత పడదు?

ఒక చిన్న పని చెయ్యండి. మీ దగ్గరున్న ఏదైనా ఈపబ్ ఫైలు పేరు చివర ఎక్స్‌టెన్షన్ తీసేసి జిప్ అని పెట్టి తెరవండి. లోపల కనిపించేది మనకి తెలిసిన సరుకే: హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలు, సీఎస్‌ఎస్, కొన్ని బొమ్మలు, ఏ అధ్యాయం తర్వాత ఏది రావాలో చెప్పే ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు. అంతే. 2007 నుంచీ ఇది అందరికీ తెరిచి ఉన్న ప్రమాణం.

అదే ఏడాది నవంబరులో అమెజాన్ కిండిల్ వచ్చింది. అది ఈపబ్ చదవదు. సోనీ 2009లో తన సొంత ఫార్మాట్ వదిలేసి ఈపబ్‌కి మారింది కానీ, కిండిల్ మాత్రం మొండికేసి కూర్చుంది. 2022లో 'సెండ్ టు కిండిల్' ఈపబ్‌ని తీసుకోవడం మొదలుపెట్టింది. అయితే అక్కడ జరిగేదేంటంటే, మన ఫైలు అమెజాన్ సర్వర్‌కి వెళ్లి, వాళ్ల ఫార్మాట్‌లోకి మారి తిరిగొస్తుంది. కేబుల్ పెట్టి నేరుగా కాపీ చేస్తే తెరుచుకోదు.

ఆపిల్ కూడా ఐఫోన్‌లోకి ఫ్లాష్‌ని రానివ్వలేదు కదా అనొచ్చు. నిజమే. కానీ స్టీవ్ జాబ్స్ 2010లో కారణాలు బయటికే రాశాడు: బ్యాటరీ, భద్రత, టచ్ స్క్రీన్‌కి కుదరకపోవడం. వెనకాల యాప్ స్టోర్ లెక్కలు లేవని నేననను. అయినా ఫ్లాష్ ఒక్క అడోబీ చేతిలో ఉన్న సరుకు. ఈపబ్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఇందులో బ్యాటరీ తినేసేది ఏముంది, పేరాగ్రాఫులా?

కాబట్టి నా దృష్టిలో ఇది టెక్నికల్ సమస్య కాదు, కొట్టు సమస్య. కిండిల్‌లో కొన్న పుస్తకం ఇల్లరికపు అల్లుడిలాంటిది, ఆ గడప దాటి రాలేదు. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే దారి కూడా మూసేశారు.

ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాళ్లకి ఇది చిరాకు, అంతే. మనకి ఇంకొంచెం ఎక్కువ. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో ఐదు భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. ఆ కొట్టులో మన పుస్తకాలకి అర పెట్టలేదు సరే, బయట దొరికిన తెలుగు ఈపబ్‌నైనా నేరుగా తెరవనివ్వాలి కదా!

ప్రస్తుతానికి కాలిబర్ ఉంది, ఫార్మాట్ మార్చి పెడుతుంది. సోనీ రీడర్ లినక్స్‌లో పనిచెయ్యట్లేదని 2006లో కోవిద్ గోయల్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది, ఉచితం. అన్నట్టు, మన పత్రికని వచ్చే సంచిక నుంచి పీడీఎఫ్‌తో పాటు ఈపబ్‌లో కూడా ఇద్దాం. ఫోన్‌లో పీడీఎఫ్‌ని వేళ్లతో సాగదీసుకుంటూ కవిత చదవడం నావల్ల కావట్లేదు. ఫైలు తయారుచేసే పని నేను చూసుకుంటా.