వాగుకి బిందెలు

రెండేళ్ళకోసారి మాఘశుద్ధ పున్నమికి మేడారం అడవిలో పుట్టే జనసముద్రాన్ని వర్ణించమంటే, తెలుగు ఎం.ఎ. చదివి పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి కూడా మాటలు చాలవు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలుకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు వేంచేసే ఆ నాలుగు రోజులూ ఇప్పుడు పోలీసులు స్తంభాలకు కెమెరాలు కట్టి, కంట్రోల్ రూములో కూర్చుని చూస్తున్నారు. 2024లోనూ అంతే, 2026లోనూ అంతే. చూడటం సరే, చూసినదాన్ని దాచటం మాటేమిటి?

కెమెరా బొమ్మలు ముక్కలు ముక్కలై తీగలవెంట వస్తుంటే, అవతల సర్వర్ అనే కంప్యూటరు వాటిని వరస తప్పకుండా అందుకోవాలి. సెకనుకి 25 బొమ్మలు వస్తాయనుకోండి. అన్నీ నిండుగా పంపితే మోయలేం. అందుచేత కెమెరా ఒక గడుసుపని చేస్తుంది: ఒక బొమ్మ పూర్తిగా పంపి, ఆ తరవాత మారినంత మేరకే పంపుతుంది. కాని జాతరలో మారనిదేముంది గనక! ఖాళీ వీధికన్నా జాతర ఎక్కువ చోటు తింటుంది. సెకనుకి 4 మెగాబిట్ల చొప్పున వేసినా గంటకి 1.8 గిగాబైట్లు. నూరు కెమెరాలకి నాలుగు రోజులకి 17 టెరాబైట్ల పైచిలుకు.

వచ్చేది వాగు, పట్టేది బిందెలతో. డిస్కు రాయటంలో కాస్త వెనకబడితే ఒలికిపోకుండా మధ్యన బఫర్ అనే తొట్టి వుంటుంది. పైగా రోజంతటినీ ఒకే ఫైలుగా రాయకూడదు. ఎం.పి.4 ఫైలులో ఏ బొమ్మ ఎక్కడుందో చెప్పే విషయసూచికని సాధారణంగా చివరన రాస్తారు. అది రాయకముందే కరెంటు పోయిందా, గ్రంథం వుంటుంది, చదివే దారి వుండదు. నిమిషానికో ముక్కగా, ప్రతి ముక్కా నిండుబొమ్మతో మొదలయ్యేటట్లు రాసుకుంటే పోయేది ఆ ఒక్క నిమిషమే.

గడియారాల సంగతి మరీ ముఖ్యం సుమండీ. వాగు దగ్గర 10:05కి కనబడ్డ పిల్లవాడు గద్దెల దగ్గర 10:02కే కనబడితే, వాడు వాగు నుంచి గద్దెలకి వెళ్ళాడా, గద్దెల నుంచి వాగుకి వచ్చాడా? వెదికేవాళ్ళు ఏ దిక్కుకి పరుగెత్తాలి? అందుకే కెమెరాలన్నిటికీ ఒకే కాలం చూపాలి.

డిస్కు నిండగానే పాతదానిమీద కొత్తది రాయటం రివాజు. ఏడుస్తూ వచ్చిన తల్లి ఫిర్యాదు రాయించేలోగా ఆ గంట చెరిగిపోతే? ఆ ముక్కని వెంటనే వేరే తీసి తాళం వెయ్యాలి. మిగిలినదాన్ని మాత్రం గడువు తీరగానే చెరిపెయ్యటమే మర్యాద అని నా అభిప్రాయం. జంపన్నవాగులో మునకలు వేసే ఆడవాళ్ళ బొమ్మలు ఏళ్ళ తరబడి ఎవరి పెట్టెలోనో ఎందుకుండాలి? గుట్టమీద కోయ పూజారులు రహస్యంగా చేసే పూజ సరేసరి, అక్కడ ఏ పెట్టెకీ పనిలేదు.