పరీక్ష మన వాకిటికి వచ్చినప్పుడు

ప్యాపిలి మండలంలోని ఒక పల్లె నుంచి నంద్యాలకు వెళ్లి ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని రావాలంటే రోజుకూలీకి ఒక దినం పోతుంది. స్త్రీ అయితే తోడు వచ్చే మనిషి కూలి కూడా పోతుంది. అందుకే మన ఇళ్లలో దగ్గు రెండు మూడు నెలలు ముదిరిన తరువాతనే దవాఖానా మాట వినిపిస్తుంది. బేతంచెర్ల నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలలో పనిచేసేవారైతే దానిని రాతి దుమ్ము దగ్గేనని సరిపెట్టుకుంటారు. అది క్షయ అయితే, ఈలోగా అదే గదిలో పడుకునే పిల్లలకూ అంటుకోవచ్చు.

ఆ ప్రయాణం అక్కరలేని సాధనాలు ఇప్పుడు వచ్చాయి. చేతితో మోసుకుపోగల ఎక్స్‌రే యంత్రం ఉంది. అది తీసిన చిత్రాన్ని కంప్యూటరే చదివి అనుమానం ఉన్నవారిని వేరుచేస్తుంది. పదిహేనేళ్లు దాటినవారి విషయంలో ఈ పద్ధతికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సమ్మతి తెలిపింది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం బ్యాటరీతో నడుస్తుంది. కళ్లెలో క్షయ క్రిములు ఉన్నదీ లేనిదీ సుమారు గంటలో చెబుతుంది. సూక్ష్మదర్శినికి కనబడాలంటే ఒక మిల్లీలీటరు కళ్లెలో క్రిములు వేల సంఖ్యలో ఉండాలి. ఇది అంతకంటే ఎంతో తక్కువ ఉన్నా పట్టుకుంటుంది. 2024 డిసెంబరు 7న దేశంలోని 347 జిల్లాలలో మొదలైన వంద రోజుల క్షయ కార్యక్రమంలో ఇటువంటి యంత్రాలనే ఊళ్లకు పంపారు.

నిజానికి రాయలసీమకు ఇది పూర్తిగా కొత్త కాదు. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం వెలిసింది. 1950 నుంచి 1955 వరకు అక్కడి వైద్యులు చుట్టుపట్ల గ్రామాలలో ఇంటింటి జనాభా లెక్క రాసి, ఎక్స్‌రేలు తీసి క్షయను వెదికారు. డెబ్బై ఏళ్ల తరువాత యంత్రం చిన్నదయింది. కాని దాని ముందుకు మనిషిని తీసుకువచ్చే పని మాత్రం అంతే కష్టంగా ఉంది.

మేము చూసిన ఒక శిబిరం సంగతి చెబుతాము. అది ఎవరు పెట్టినది, ఏ ఊరిలో అన్నది ఇక్కడ అనవసరం. ఉదయం పదకొండు గంటలకు మొదలుపెట్టారు. మగవారంతా పనులలో ఉన్నారు. యంత్రం దగ్గర ఉన్నది ఒక యువకుడు. తెర లేదు. బురఖాలతో వచ్చిన స్త్రీలు కాసేపు నిలబడి ఒక్కొక్కరే వెనుదిరిగారు. నగలు, లోహపు గుండీలు తీస్తే చాలునని, పలుచని నూలు దుస్తులు ఎక్స్‌రేకు అడ్డం కావని చెప్పేవారు లేకపోయారు. పరీక్ష చేయించుకున్న ఒక అమ్మాయికి సొంత ఫోను లేదు. వీధి చివరి అంగడివారి నంబరు ఇచ్చింది. ఫలితం ఆ నంబరుకే చేరింది. ఆమెకంటే ముందు వీధికి తెలిసింది. నిశ్చయమైన సంబంధం చెదిరిపోయింది. సాధారణంగా ఆరు నెలల మందులతో నయమయ్యే జబ్బు అది. ఆమె మందులు పూర్తిచేసింది, ఆరోగ్యంగా ఉంది. ఆ వరుని తరఫువారు మాత్రం తిరిగి రాలేదు.

ఈ తప్పునంతా సర్కారు మీద వేసి ఊరుకోవడం మాకు న్యాయమనిపించదు. ఆ సంబంధం చెడగొట్టింది మనవారే.

కళ్లె ఇవ్వడంలోనూ మన స్త్రీలకు సంకోచం ఉంది. నలుగురి ముందు గట్టిగా దగ్గలేక ఉమ్మి నింపి ఇస్తారు. ఎంత మంచి యంత్రమైనా దానిలో క్రిములను చూపలేకపోవచ్చు. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో జరిగిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. కళ్లె ఎలా తీయాలో స్త్రీలకు కొద్ది నిమిషాలు వివరించినంత మాత్రాన, వారిలో క్షయ బయటపడినవారు వందకు ఎనిమిది నుంచి పదమూడుకు పెరిగారు. వివరించడం తప్ప వేరే ఖర్చు లేదు. నోరు పుక్కిలించి, ఆరుబయట, లోతుగా రెండు మూడుసార్లు ఊపిరి పీల్చి, రొమ్ము లోపలి నుంచి దగ్గి తీయాలి. ఈ మాటను మన ఆశా కార్యకర్తతో పాటు మన ఇంటి పెద్దమ్మ కూడా చెప్పగలదు.

కనుక జిల్లా అధికారులను మేము అడిగేది యంత్రాన్ని మాత్రమే కాదు. శిబిరాన్ని సాయంత్రం పెట్టండి. స్త్రీల వైపు ఒక మహిళా ఉద్యోగిని ఉంచండి. గర్భవతులను ముందే అడిగి తెలుసుకోండి. ఫోను లేనివారి ఫలితాన్ని ఆశా కార్యకర్త ద్వారా వారి చేతికే అందించండి. మేము గుమాస్తాగా ఏళ్ల తరబడి రిజిస్టర్లు నింపినవారము. ఫోను నంబరు గడి పక్కన ‘ఈ ఫోను ఎవరిది’ అని ఇంకొక గడి గీయడానికి ఏ జీవో అవసరం లేదని మాకు తెలుసు.

మస్జిద్ కమిటీలవారికీ ఒక విన్నపం. శిబిరానికి ముందటి జుమా నాడు ప్రకటన చేయించండి. మదరసా గది ఒకటి స్త్రీల కోసం తెరిపించండి. మందులు ఉచితమని, పోషణకు 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడుతుందని కూడా అందరికీ తెలియజెప్పండి. ఇందుకు బ్యాంకు కాగితాలు సరిచూసిపెట్టే పని మాది. ఇషా నమాజు తరువాత మస్జిద్ వరండాలో కూర్చుంటాము, రండి.