ఫార్మాట్ కొట్టే ముందు

కంప్యూటర్ మొరాయిస్తోందని షాపుకి ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చే మొదటి మాట ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్’. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాక దానికి ఇంకో ముక్క తోడైంది: ‘ఎలాగూ పదకొండు వేసుకోవాలిగా!’ నిజమే, ఇవాళ కాకపోతే రేపైనా వేసుకోవాలి. నా తగాదా ఎప్పుడు, ఎలా అన్న దాని మీదే.

2015 జులైలో వదిలినదాన్ని పదేళ్లు సాకారు కాబట్టి మైక్రోసాఫ్ట్ వాళ్ల లెక్కకు ఆ తేదీ సబబే. గుంటూరు, ప్రకాశం లెక్కకు మాత్రం అంతకన్నా చెడ్డ ముహూర్తం లేదు. అక్టోబరంటే పత్తి తీతలు మొదలై జిన్నింగ్ మిల్లులు కదిలే రోజులు. ఆ సందడి తగ్గకముందే సంక్రాంతి దాటుతుంది, మిర్చి యార్డుకు బస్తాలు, అంటే టిక్కీలు, వరస కడతాయి. మధ్యలో మార్చి 31. యార్డుకి వేసవి సెలవులిచ్చాక గానీ కమీషన్ కొట్లో గుమస్తాకి తల గీరుకునే తీరిక ఉండదు. విండోస్ మార్చాలంటే ఆ రోజులే సరైనవి.

అందాకా ఏం చేయాలంటారా? ఇంట్లో వాడుకునే మిషన్ అయితే మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఉచితంగా వస్తాయి. వ్యాపార సంస్థలకు మాత్రం మిషన్‌కి మొదటి ఏడు 61 డాలర్లు, ఆపైన ఏటా రెట్టింపు, అదీ మూడేళ్లే. ఉండనిస్తున్నట్టే ఉండి పొమ్మనడం ఇది.

‘అప్‌డేట్ లేకపోతే కొంప మునుగుతుందా’ అనేవాళ్లు 2017 మే నెల గుర్తు చేసుకోవాలి. వానాక్రై వైరస్ ప్రపంచమంతా ఫైళ్లకు తాళాలేసి డబ్బు అడిగినప్పుడు మన రాష్ట్రంలో దొరికిపోయింది పోలీసు కంప్యూటర్లే. చిత్తూరు, కృష్ణా, విశాఖ, శ్రీకాకుళంతో పాటు గుంటూరు జిల్లా కూడా ఆ జాబితాలో ఉంది. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చింది. ప్రపంచం మొత్తమ్మీద ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 మిషన్లు. అప్పటికి దానికి ఇంకా అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి, వేసుకోవడమే జరగలేదు.

ఇక కొట్లోని మిషన్ దగ్గరికి వద్దాం. చాలా చోట్ల పని నడిపేది విండోస్ కాదు, దాని లోపలున్న ఒక పాత ప్రోగ్రామ్. ఎప్పుడో ఒక కుర్రాడు ఫాక్స్‌ప్రోలో రాసిచ్చాడు. తెర మీద రైతు పేరు, టిక్కీలు, తూకం, ధర కొడితే పక్కనున్న డాట్ మ్యాట్రిక్స్ కీచుమంటూ కార్బన్ కాపీలతో సహా చీటీ తీస్తుంది. దాన్ని మించింది ఇంతవరకూ రాలేదని గుమస్తా గట్టి నమ్మకం. చిక్కేమిటంటే డాస్ కాలం నాటి ఆ ప్రోగ్రామ్ 32 బిట్ విండోస్‌లోనే నేరుగా నడుస్తుంది. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. రాసిచ్చిన కుర్రాడు ఇప్పుడు ఏ డల్లాస్‌లోనో ఉంటాడు. సీజన్ మధ్యలో ఈ సంగతి తెలిస్తే యార్డులో నిలబడ్డ రైతుకు ఏం సమాధానం చెబుతాం?

డీటీపీ వాళ్ల కథ వేరు. శుభలేఖ నుంచి ఎన్నికల కరపత్రం దాకా పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీదే నడిపినవాళ్లున్నారు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చున్న అమరిక అది. ఫాంట్ లేని మిషన్లో తెరిస్తే పెళ్లికూతురి పేరు పిచ్చి గీతలవుతుంది. అలాంటి మిషన్ని మార్చకండి. నెట్ కేబుల్ పీకేసి దాని పని దాన్ని చేసుకోనివ్వండి. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలకీ, కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లకీ వేరే మిషన్ పెట్టుకోండి. దానికి మాత్రం అప్‌డేట్లు తప్పనిసరి.

మార్చక తప్పని మిషన్‌కైనా ఫార్మాట్ వద్దంటాను. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవన్నీ ఉండేది సీ డ్రైవ్‌లోనే. టాలీ ప్రైమ్ కూడా, మనం వేరే చోటు చెప్పకపోతే, ఖాతాలన్నీ అందులోనే పెడుతుంది. ‘డీ డ్రైవ్ ముట్టుకోనండీ’ అన్న హామీ ఇక్కడ దేనికీ కొరగాదు. పాతదాని మీదే కొత్తది ఎక్కిస్తే వెనక్కి వెళ్లడానికి విండోస్ మామూలుగా ఇచ్చే గడువు పది రోజులు. సెలవుల్లో మార్చి, యార్డు తెరిచాక తప్పు కనిపెట్టేవాడికి ఆ పది రోజులు ఏ మూలకు?

నేనైతే కొత్త ఎస్ఎస్‌డీ కొని విండోస్ 11 దానిమీదే వేయిస్తాను. పాత డిస్కుని చెక్కుచెదరకుండా ఊడదీసి బీరువాలో పెడతాను. కొత్తది తేడా చేస్తే పాతది తగిలించి అరగంటలో బిల్లు కొట్టొచ్చు. చాలా పాత మిషన్లు నత్తనడక నడవడానికి కారణం విండోస్ కాదు, తిరిగే హార్డ్ డిస్క్. ఆ జబ్బు కూడా దీంతోనే పోతుంది.

ప్రాసెసర్ మాత్రం ముందే చూసుకోవాలి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆపైదో ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. ఆ టీపీఎం ఉండి కూడా బయాస్‌లో ఆపేసి ఉంటుంది కొన్నిట్లో. అది తెలియక కొత్త మిషన్ కొన్నవాళ్లూ ఉంటారు. ‘బైపాస్ చేసి వేస్తాం’ అనే షాపులున్నాయి. వేయగలరు కూడా, కానీ అలాంటి మిషన్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. అప్‌డేట్ల కోసమే మారుతున్నప్పుడు అవే రాకపోతే ఎందుకీ తంటా? ఇక క్రాక్ కాపీ సంగతంటారా, యాంటీవైరస్ ఆపితే గానీ ఎక్కని సరుకుని ఖాతాలున్న మిషన్లోకి రానివ్వకండి.

పని అయిందని షాపు కుర్రాడు బ్యాగు సర్దుకుంటుంటే కూర్చోబెట్టండి. పోయిన సీజన్ బిల్లు ఒకటి తీసి మళ్లీ కొట్టించండి. డాట్ మ్యాట్రిక్స్ మీద ఆఖరి కార్బన్ కాపీలో కూడా అంకెలు సరిగా పడ్డాకే డబ్బులివ్వండి.