ద్వారం వద్ద పరీక్ష

ఉర్దూ లిపిలో 'దుఆ' అనే పదం మీద ఒక్క చుక్క అదనంగా పడితే అది 'దగా' అవుతుంది. ప్రార్థన మోసంగా మారడానికి ఒక చుక్క చాలు. అచ్చుప్రతులు దిద్దే మావంటి వారికి ఈ భయం నిత్యమూ ఉంటుంది. కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాసే మన విద్యార్థులకు కూడా అది ఉండాలని నా అభిప్రాయం.

2014 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ తన ప్రోగ్రాములోని ఒక దోషాన్ని సరిదిద్దింది. 'గోటూ ఫెయిల్' అనే పంక్తి పొరపాటున రెండుసార్లు పడింది. అంతే! దాని దిగువనున్న డిజిటల్ సంతకపు పరీక్ష అమలుకే రాలేదు. రహస్యమని నమ్మి ప్రజలు పంపే సమాచారం పరుల చేత చిక్కే మార్గం ఏర్పడింది. అమలుకు రాని పంక్తులను పసిగట్టే సాధనం ఈ దోషాన్ని తేలికగా చూపగలిగేది.

ప్రోగ్రామును నడపకుండానే చదివి తప్పులు చూపే సాధనాలు కొత్తవి కావు. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 1978 నాటికే 'లింట్' రూపొందించాడు. బట్టకు అంటుకొనే నూలుపీచు అని ఆ పేరుకు అర్థం. అయితే సాధనం ఉండటం వేరు, ప్రతిసారీ వాడటం వేరు. పలువురు వ్రాసిన మార్పులు ఒకచోట చేరిన ప్రతిసారీ యంత్రమే ప్రోగ్రామును కూర్చి పరీక్షించే పద్ధతిని 'కంటిన్యువస్ ఇంటిగ్రేషన్' అంటారు. ఈ విశ్లేషణను కూడా అక్కడే నియమించడం ఉచితం. ఆ ద్వారం వద్ద అనుభవజ్ఞుని పంక్తి, నిన్న చేరినవాని పంక్తి ఒకే త్రాసులో తూగుతాయి.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. యంత్రం ఒక్కొక్కప్పుడు దోషం కానిదానిని కూడా దోషమంటుంది. పాత ప్రోగ్రాము మీద ప్రయోగిస్తే హెచ్చరికలు వేలకొద్దీ కురవవచ్చు. 'నాన్నా, పులి' కథలో వలె చివరకు నిజమైన కేకను కూడా ఎవరూ లెక్కచేయరు. అందుచేత తొలుత కొద్ది నియమాలను, అవి కూడా కొత్తగా మారిన పంక్తులకే వర్తింపజేయాలి. ఘోరమైన దోషానికి మాత్రమే తలుపు మూయాలి. తక్కినవి సూచనలుగా ఉండాలి.

కావలివాడున్నాడని ఇంటివారు నిద్రపోరాదు. అదే 2014 ఏప్రిల్‌లో వెల్లడైన 'హార్ట్‌బ్లీడ్' దోషం రెండేళ్ళకు పైగా దాగి, నాటి విశ్లేషణ సాధనాల కన్నుగప్పింది. యంత్రం చుక్కను చూడగలదు. మనం వ్రాయదలచినది 'దుఆ'యో 'దగా'యో దానికి తెలియదు. ఆ వివేకం వ్రాసేవానిదే. మన ముఖమెరుగని వారెందరో మన పంక్తులను నమ్మి తమ ధనాన్ని, రహస్యాలను అప్పగిస్తారన్న సంగతి విద్యార్థి మిత్రులు మరువరాదని నా మనవి.